పీతశంఖము

యంత్రమునకు వచ్చిన రోగమును కుదుర్చుట సులభము. ఆ రోగమునకు మనము చెప్పుకొను కారణము తప్పైనప్పుడు దాని వలన కలుగు కీడును కుదుర్చుట అంత సులభము కాదు. తప్పు కారణము గాలిలో నిలిచి యుండదు. ఎవరో యొకరి నెత్తి మీద వ్రాలును. సాధారణముగా బలము లేనివారి నెత్తి మీదనే వ్రాలును. ఈ మాటకు నిదర్శనముగా మా పాఠశాలలోని యొక కంప్యూటరు తెర చరిత్రమును చదువరులకు నివేదింప దలచితిని. ఇంటను కచ్చేరిలోను ఇట్టి యంత్రమును ముందిడుకొని కూర్చుండువారు ఇప్పుడు పలువురు గలరు గనుక దీనియందలి యంత్రభాగము వారికి ఉపయోగపడవచ్చును. తక్కిన భాగము అందరికిని ఉపయోగపడవలెనని నా కోరిక.

మాది పల్లెటూరి యున్నత పాఠశాల. నేనందు తెలుగును, అవసరమైనప్పుడు ఆంగ్లమును బోధించుచుందును. అక్కడ పది కంప్యూటర్లు గల గది యొకటి యున్నది. వానిలో కిటికీ ప్రక్కనున్న మూడవ బల్ల మీది యంత్రమునకు ఒక విచిత్రమైన జబ్బు పట్టుకొనెను. బాగుగ పని చేయుచున్న తెర ఉన్నట్టుండి పసుపుపచ్చనగును. కాగితమువలె తెల్లగా నుండవలసిన పుట పసుపు నీట ముంచి తీసినట్లుండును. నీలి యక్షరములు నల్లనగును. ఆకాశపు బొమ్మ చిగురాకు రంగునకు దిగును. ఎరుపును ఆకుపచ్చయు మాత్రము ఇంచుమించు తమ రంగుననే యుండును. మానిటరు నెత్తిన అరచేత రెండు దెబ్బలు వేసినచో తెలుపు తిరిగి వచ్చును. రెండు మూడు దినములు నిలుచును. పిదప కథ మొదటికి వచ్చును. పట్టణమునుండి మెకానిక్కును రెండుమార్లు పిలిపించిరి. వైద్యుడు గడప త్రొక్కగానే జ్వరము విడిచిన రోగివలె, అతడు వచ్చిన రెండుమార్లును ఆ తెర మల్లెపూవువలె తెల్లగా నుండెను. అంతకు ముందటి యేడు ఇదే జబ్బునకు కేబులు మార్చి యుండిరి. ఆరు మాసములు బాగుండి మరల వచ్చినది గనుక కేబులు మాట యెవరును తలపెట్టరైరి.

ఆగస్టు మాసమున నొకనాడు తొమ్మిదవ తరగతి పిల్లలకు జాతీయపతాకమును గూర్చిన పాఠము చూపుచుండగా త్రివర్ణములలో నడిమి పట్టె పసుపుపచ్చనై, అశోకచక్రము నల్లనై పోయెను. పిల్లలు గొల్లున నవ్విరి. ఆ సమయమున యంత్రము ముందు కూర్చుండి మీటల మీద చేయి వేసి యున్నది ఒక బాలిక. ఆమె తండ్రి మా యూరి శ్మశానమున కాటికాపరి.

ఇక జరిగినది చెప్పుటకు ఎక్కువ మాటలు అక్కరలేదు. ‘ఆ పిల్ల చేయి పడిన నాటినుండియే’ యను మాట ఉదయము వెనుక బల్లపై పుట్టెను. మధ్యాహ్నమునకు భోజనపు వరుసలోనికి వచ్చెను. సాయంకాలమునకు ఉపాధ్యాయుల గదిలో కుర్చీ వేసికొని కూర్చుండెను. చదువుకొన్నవారు ఇట్టి మాటను ఉన్నదున్నట్లు అనరు, నాగరికముగా ననుదురు. “కొందరి చేయి యంత్రములకు పడదు” అని యొకరనిరి. “పిల్ల మంచిదే, కాని ఊరక చూచుచు కూర్చున్న చాలును గదా” అని మరియొకరనిరి. ఎవరును కులము పేరెత్తలేదు; ఎత్తవలసిన పనియు లేకపోయెను. మరుసటి వారమునుండి ఆ బాలిక వెనుక బల్లపై కూర్చుండి, తోడిపిల్లలు చేయుచున్నది చూచి పుస్తకమున వ్రాసికొనుచుండెను.

ముందటి యేడు కేబులు మార్చిననాటికి ఆమె మా పాఠశాలలో చేరనేలేదు. అప్పటి పసుపునకు ఆమె చేయి యెట్లు కారణమైనదని నేనడిగితిని. కారణమునకు ముందే కార్యము పుట్టుట యే శాస్త్రమునను లేదని చెప్పితిని. “అదివేరు, ఇదివేరు” అని సమాధానము వచ్చెను. అపవాదము వేయదలచిన వానికి తర్కము అడ్డు రాదు.

ఒకనాడు వసారాలో ఎదురుపడినప్పుడు ఆ బాలికను పలుకరించితిని. నేనేమియు అడుగక మునుపే ఆమె, “నేను ముట్టుకోలేదండీ మాస్టారూ” అనెను. 1950లో అమలులోనికి వచ్చిన మన రాజ్యాంగపు 17వ అధికరణము అంటరానితనమును ఏ రూపమున నున్నను నిషేధించినది. ఆ రూపములు కాలముతోపాటు ఎట్లు వేషము మార్చుకొనగలవో ఆ యొక్క వాక్యమున నాకు వినబడెను. చదువుకొన వచ్చిన పదునాలుగేండ్ల పిల్ల, యంత్రమును ముట్టుకొనకుండుటయే తన మంచితనమునకు సాక్ష్యమని నేర్చుకొని యుండెను.

యంత్రమునకు మాత్రము చికిత్సలు సాగుచుండెను. మూడవ బల్లకు నిమ్మకాయయు మిరపకాయలును కట్టిరి. దసరా నాడు మానిటరు నొసట కుంకుమబొట్టు పెట్టిరి. దీనితో తెరకు పసుపు కుంకుమలు రెండును సమకూరినవని మా డ్రిల్లుమాస్టారు చమత్కరించిరి.

నేను చిన్ననాట తర్కము చదువుకొన్నప్పుడు మా గురువులు భ్రమకు దృష్టాంతముగా పీతశంఖమును చెప్పెడివారు. శంఖము తెల్లనిది, కామెర్లవానికి పచ్చగా కనబడును. లోకమంతయు పచ్చగా కనబడునని మన సామెతయు ననుచున్నది. ఇందు విచారింపవలసిన దేమి? పసుపు కనబడుట నిజమే. అది శంఖమునందున్నదా, కంటియందున్నదా, రెంటికి నడుమ నున్నదా? దోషము కనబడు చోటును దోషముండు చోటును ఒకటియే కానక్కరలేదు. మా తెర విషయమునను అడుగవలసిన ప్రశ్న ఇదియే యని నాకు తోచెను.

దీనికి తెర మీద రంగులు పుట్టు విధమును కొంచెము తెలిసికొనవలెను. చిత్రకారుడు పళ్ళెములో కలుపు రంగుల లెక్క వేరు; వెలుగుల లెక్క వేరు. ఎరుపు, ఆకుపచ్చ, నీలము అను మూడు వెలుగులను తగుపాళ్ళలో కలిపినచో తెలుపగును. 1861లో జేమ్స్ క్లార్క్ మాక్స్‌వెల్ అను శాస్త్రవేత్త ఈ మూడు రంగుల వడపోతలగుండ తీసిన ఛాయాచిత్రములను ఒకదానిపై నొకటి పడునట్లు వెలుగుగా ప్రసరింపజేసి వర్ణచిత్రమును చూపెను. నేటి కంప్యూటరు తెరయు ఆ సూత్రము మీదనే నడచుచున్నది. తెర మీది ప్రతి చుక్కయందును మూడు రంగుల చిన్న గదులు గలవు. సాధారణముగా ఒక్కొక్క రంగునకు 256 మెట్లు; ఆ మూటిని గుణించినచో 1,67,77,216 ఛాయలు. తెలుపునుండి నీలమును తీసివేసినచో ఎరుపును ఆకుపచ్చయు మిగులును. ఆ రెండు వెలుగుల కూడికయే పసుపు. కాబట్టి మా తెరకు ఏదో వచ్చి పట్టినదని యందరును అనుకొనుచుండగా, నిజమునకు దానికి రావలసిన దొకటి రాకపోవుచున్నది.

మా యంత్రములను మానిటర్లతో కలుపునది వీజీఏ అను పాతరకపు కేబులు. 1987లో ఐబీఎం సంస్థ ప్రవేశపెట్టిన పద్ధతి యిది. దాని మూతియందు మూడు వరుసలుగా 15 పిన్నులకు చోటుండును. మొదటి పిన్ను ఎరుపును, రెండవది ఆకుపచ్చను, మూడవది నీలమును మోసికొని పోవును. పదుమూడవదియు పదునాలుగవదియు బొమ్మను అడ్డముగను నిలువుగను సరిగా నిలుపు సంకేతములను మోయును. మూడు రంగులును వేర్వేరు తీగలలో ప్రయాణము చేయుటచేత ఒక తీగకు దెబ్బ తగిలినను తక్కిన రెండును గమ్యము చేరును. ఎరుపు తీగ తెగినచో తెలుపు నీలాకుపచ్చ యగును. ఆకుపచ్చ తీగ తెగినచో రాణిరంగగును. నీలపు తీగ తెగినచో పసుపగును. రంగును చూచియే తీగను ఊహింపవచ్చును. కాని ఊహ వేరు, నిశ్చయము వేరు.

వచ్చుచు పోవుచుండు జబ్బును పట్టుకొనుటకు అది వచ్చు వేళ తెలియవలెను. ప్రధానోపాధ్యాయుల యనుమతితో ఆ గదిలో ఒక పుస్తకమును మేకునకు వ్రేలాడగట్టితిని. తేది, గంట, తెర రంగు, ముందు కూర్చున్నవారెవరు, ఆనాడు గదిలో జరిగిన విశేషమేమి, అని యైదు గడులు గీయించితిని. పదవ తరగతి పిల్లలిద్దరు శ్రద్ధగా వ్రాయుచు వచ్చిరి.

నాలుగు వారములలో ఏడుమార్లు తెర పసుపుపచ్చనాయెను. వానిలో ఆరు బుధ, శనివారములలో వచ్చినవి. ఆ రెండు దినములలోను ఉదయము బల్లలను ఇవతలికి లాగి గదిని శుభ్రముగా ఊడ్చి, మరల బల్లలను గోడకు నెట్టుదురు. ఏడవది ఒక సోమవారము. ఆనాడు ఒక కుర్రవాని పుస్తకాల సంచి పట్టీ కేబులునకు తగులుకొనెనని విశేషముల గడిలో వ్రాసియున్నది. ఈ యేడుమార్లలో ఆ బాలిక గదిలో నున్నవి రెండు. ఆ రెంటను వెనుక బల్లపైననే యుండెను. తొమ్మిదవ తరగతికి కంప్యూటరు గంట బుధవారము మొదటిది, అనగా ఊడ్చిన వెంటనే వచ్చునది. శనివారము మొదటి గంట ఎనిమిదవ తరగతి వారిది. ఆ శనివారపు పసుపును ఎవరును లెక్కింపలేదు; ఏలయన నింద మోయుటకు తగినవారు ఆ తరగతిలో కనబడలేదు.

ఆ వారములలోనే యొక బుధవారము నేను ముందుగా సిద్ధపడి యుండి, తెర పసుపు కాగానే మూడు పరీక్షలు చేసితిని. మొదటిది శంఖ పరీక్ష. మీటల పలకపై ‘ప్రింట్ స్క్రీన్’ అను మీట యొకటి గలదు. దానిని నొక్కినచో కంప్యూటరు తాను పంపుచున్న బొమ్మను పట్టి దాచుకొనును. ఆ బొమ్మను వేరొక యంత్రమున తెరచి చూడగా తెలుపు తెల్లగానే యుండెను. శంఖము తెల్లనిదే యన్నమాట. రాత్రివేళ కన్నులకు హాయిగా నుండుటకై నీలపు వెలుగును తగ్గించు సదుపాయమొకటి 2017 నుండి విండోస్ 10లో నున్నది, అది నడచుచున్నదేమోయని చూచితిని, ఆపియే యున్నది. రెండవది కంటి పరీక్ష. మానిటరునకు తన స్వంత పట్టిక యొకటి యుండును. అంచుననున్న మీటను నొక్కినచో వెలుగు హెచ్చుతగ్గులు చూపు ఆ పట్టిక తెర మీదికి వచ్చును. అది కేబులుగుండ వచ్చునది కాదు. మానిటరు తానే గీయునది. చుట్టు నున్న బొమ్మ పసుపుగా నుండగా ఆ పట్టికలోని తెల్లని యక్షరములు తెల్లగానే వెలిగెను. కన్నును మంచిదే. మూడవది నడిమి పరీక్ష. మూడవ బల్ల కేబులును నాలుగవ బల్లకును, నాలుగవదానిని మూడవదానికిని మార్చితిమి. పసుపు కేబులు వెంట నాలుగవ బల్లకు పోయెను. మూడవ తెర తెల్లనాయెను.

ఉన్నప్పుడు ఉండుటయు లేనప్పుడు లేకుండుటయు చూచుటను మన తార్కికులు అన్వయవ్యతిరేకము లనిరి. అన్వయము తేలినది, వ్యతిరేకము మిగిలినది. పాత కేబులును మరల మూడవ బల్లకే తగిలించి, రెండు వారములపాటు ఆ బల్లను కదల్పక చుట్టును ఊడ్పించితిమి. తొమ్మిదవ తరగతి గంట వచ్చిన ప్రతిసారియు ఆ యంత్రము ముందు ఆ బాలికనే కూర్చుండబెట్టితిని. రెండు వారములును తెర ఒక్కమారైనను పసుపు కాలేదు.

అప్పుడు బల్లను మెల్లగా లాగి వెనుకవైపు చూచితిమి. కేబులు మూతిని యంత్రమునకు బిగించు రెండు స్క్రూలలో ఒకటి లేనేలేదు. రెండవది వదులుగా నున్నది. కేబులు పొట్టిది. బల్లను గోడకు నెట్టినప్పుడెల్ల దాని మెడ గోడకును యంత్రమునకును నడుమ నలిగి వంగుచుండెను. వంగి వంగి లోపలి నీలపు తీగ చిట్లి, ఒకప్పుడు తగులుచు ఒకప్పుడు తగులక యుండెను. అరచేతి దెబ్బకు తెలుపు ఎందులకు వచ్చెడిదో యిప్పుడు తెలిసినది. దెబ్బకు మానిటరు కదలును. కదలిక కేబులునకు ప్రాకును. విడిన తీగ క్షణకాలము అంటుకొనును. తాటిచెట్టుపై కాకి వ్రాలుటయు పండు రాలుటయు కాకతాళీయములు. ఈ దెబ్బ అట్టిది కాదు. దీనికి ఫలముతో నిజమైన సంబంధమున్నది. అందుకే యిది యెక్కువ ప్రమాదకరము. కొంత పని చేయు చికిత్స పూర్తి కారణమును వెదకనీయదు. ముందటి యేటి కొత్త కేబులు ఆరు మాసములకే చెడుటకును ఇదియే హేతువు. కేబులు మార్చిరి గాని కేబులును చంపు చోటును మార్చలేదు.

ఇంతటితో కథ ముగియవలసినది, ముగియలేదు. బల్ల కదలికయే మూలమని తెలియగానే, నిన్నటివరకు బాలిక చేతిని నిందించిన నోళ్ళే “అట్లైన తప్పు ఊడ్చు మనిషిదే” యనెను. ఆమె అరువదేండ్లు దాటిన మనిషి. ఆ మాట చెవిని బడి నా దగ్గరకు వచ్చి, “ఊడవకపోతే దుమ్మంటారు, ఊడిస్తే మిషను పాడయ్యిందంటారు. నన్నేం చెయ్యమంటారు బాబూ?” అనెను. కుండకు మన్ను, చక్రము, కర్ర, కుమ్మరి కారణములనియు, మన్ను మోసికొని వచ్చిన గాడిద కారణము కాదనియు తర్కశాస్త్రము చెప్పును. కార్యమునకు ముందు అక్కడ నుండినంత మాత్రమున ఏదియు కారణము కాజాలదు. ఈ ముసలమ్మ విషయము ఇంకను సూక్ష్మమైనది. ఆమె బల్ల లాగుట కారణములలో నొకటియే. కాని దోషము కాదు. గది ఊడ్చుట ఆమె ధర్మము. ఊడ్చిన మాత్రమున తెగు విధముగా తీగను అమర్చుటయందు దోషమున్నది. దోషమును వెదకుట యొక పని; దోషిని వెదకుట వేరొక పని. మొదటిదానికి ఓపిక కావలెను. రెండవదానికి ఎదిరింపలేని మనిషి యొకరు దొరికిన చాలును.

చికిత్స యేమంత గొప్పది? పొడవైన కొత్త కేబులును 200 రూపాయలకు కొంటిమి. రెండు స్క్రూలను చేతితో బిగించితిమి. గోడకును బల్లకును నడుమ జానెడు ఎడముండునట్లు బల్ల వెనుక నొక చెక్కముక్క కొట్టించితిమి. ఇప్పుడు ముసలమ్మ బల్లను ఎంత గట్టిగా నెట్టినను కేబులు మెడ వంగదు. ఏడాది దాటినది, పసుపు మరల రాలేదు.

యంత్రము బాగుపడిన పిమ్మట, ఆ బాలికపై వేసిన మాటను ఎట్లు తీసివేయుట యను ప్రశ్న పుట్టెను. “తెర బాగైనది గదా, పిల్ల మరల కూర్చుండుచున్నది గదా, గడచినదానిని త్రవ్వుట యెందులకు?” అని తోడి యుపాధ్యాయులు కొందరనిరి. నింద పదిమందిలో పుట్టినది. దాని యుపసంహారము చెవిలో చెప్పిన చాలదని నేను వాదించితిని. ప్రధానోపాధ్యాయులు ఆలోచించి యంగీకరించిరి. ఆ గదిలోనే, ఆ తరగతి యెదుటనే, చెడిన కేబులును చేత బట్టుకొని, తెర యెందువలన పసుపైనదో చెప్పి, ఆ యమ్మాయి చేతికిని దీనికిని సంబంధము లేదనియు, అట్లనుట తప్పనియు స్పష్టముగా పలికిరి. పిల్లలు నిశ్శబ్దముగా వినిరి. ఆ బాలిక యేమియు అనలేదు. తన వంతు వచ్చినప్పుడు వచ్చి కూర్చుండెను. చేతులు మాత్రము కొంతసేపు ఒడిలోనే యుండి, పిదప మీటల మీదికి వచ్చెను. తీగకు పట్టిన కాలము కంటె ఆ చేతులకు ఎక్కువ కాలమే పట్టును. దానికి మెకానిక్కు లేడు.

ఈ రోగము ఒక్క కంప్యూటరు గదికి సంబంధించినది కాదు. కొత్తకోడలు అడుగుపెట్టిన నెలలో పాడిగేదె చచ్చినచో ఆమె పాదమును తిట్టువారు నేటికిని గలరు. బయలుదేరినప్పుడు ఎదురు వచ్చిన వితంతువును చూచి వెనుకకు మరలి, పని చెడుటకు ఆమెయే హేతువను వారును గలరు. వారి చేతులలోను నేడు సెల్‌ఫోనులున్నవి. వారి యిండ్లలోను కంప్యూటర్లున్నవి. యంత్రము ఇంటికి వచ్చినంత మాత్రమున దానిని నిర్మించిన విచారపద్ధతి వెంట రాదు. దానిని వేరుగా తెచ్చుకొనవలెను. అది మనకు పరాయిదియు కాదు. అన్వయవ్యతిరేకములు మన బడులలో శతాబ్దములుగా చెప్పుకొన్న పాఠములే.

కాబట్టి చదువరుల యింట రేపేదైన చెడినప్పుడు ‘ఎవరు ముట్టిరి’ యని కేక వేయుటకు ముందు ఒక పుస్తకమును పెన్సిలును తెచ్చుకొనవలెనని నా మనవి. అది యెప్పుడెప్పుడు చెడుచున్నదో, ఎప్పుడు చెడుట లేదో నాలుగు వారములు వ్రాసి చూడుడు. ఆ నాలుగు వారములును ఎవరిని ఏమియు అనకుడు.